మామ పోసిన నీళ్లు

భివండిలోని కనేరిలో మేముండే గది, ఇక్కడి మాటలో ఖోలీ, కింద సాంచాల కార్ఖానా ఉంది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచినంతసేపూ మా గచ్చు సన్నగా వణుకుతూ ఉంటుంది. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. కిటికీ తెరిస్తే దూది నూగు లోపలికొస్తుంది, మూస్తే ఉక్కపోత. నేను పనిచేసేది భివండి బజారులో ఒక నూలు దుకాణంలో. పొద్దంతా తెల్ల కోన్ల సంచులు తూకం వేయించి, వాటికి చీటీలు అంటించి పంపిస్తుంటాను. అక్కడ తెలుపు చూసి చూసి ఇంటికొస్తే, ఇంట్లోనూ మంచం మీద, అన్నం గిన్నె మూత మీద, పాప జుట్టులో అదే తెల్ల నూగు. ఏదైనా ఎర్రటిది చూడాలని ప్రాణం లాగేది. అందుకే ఒక రోజు తోపుడుబండి మీద పూసిన ఎర్ర మందారం కనబడగానే ఆటో ఆపించి దిగిపోయాను.

మొక్కను ఒళ్ళో పెట్టుకుని వచ్చిన నన్ను చూసి మా ఆయన నవ్వాడు. ఆయన ఇంకో కార్ఖానాలో జాబర్. చెడిపోయిన సాంచాలను బాగుచేసే పని.

"ఈడ మనకే గాలాడది. ఇదెట్ల బతుకుతది?"

"బతుకుతది. నేను జూస్కుంట తీయ్."

మా తలుపు ముందర నాలుగు చాపలు పరిచేంత బయలు ఉంది. సగం మీద రేకు, సగం మీద ఆకాశం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది. ఖాళీ రంగుల బకెట్టు ఒకటి తెచ్చి, ఇనుప చువ్వ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, అడుగున బెజ్జాలు పెట్టాను. ఎర్రమట్టి, పేడ ఎరువు, కొంచెం ఇసుక కలిపి నాటాను. బట్టలారేసే తీగ కిందికి రాకుండా మూలకు జరిపాను. పక్క ఖోలీ ఆమెకు, అక్కా, దీన్ని తన్నుకుంట పోకుండ్రి అని చెప్పి పెట్టాను.

మొదటి ఏడు అది నన్ను బాగానే చూసింది. కొమ్మకో మొగ్గ వచ్చేది. నూగు ఆకుల మీద పేరుకుంటే సెలవు రోజున తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేదాన్ని. పక్కన ఒక మల్లె కుండీ కూడా చేరింది. ఆ రెండు కుండీలను చూసుకుంటూ చాయ్ తాగేదాన్ని. ఆ చాయ్ తాగే కాసేపే నాది అనిపించేది.

ఆ మరుసటి ఏడు మా మామ పనిచేసే కార్ఖానా సేటు తన సాంచాలన్నీ భంగారుకు, పాత ఇనుము కింద, అమ్మేశాడు. మామ అక్కడే ముసలివాడైనవాడు. ఆయన నడిపిన సాంచెను ముక్కలు చేసి టెంపోలో ఎక్కిస్తుంటే పక్కనే నిలబడి చూశాడట. ఇంకో చోట పని అడిగితే, చాచా, ఇక ఇంట్ల కూసో అన్నారు. అట్లా ఇంట్లో కూర్చున్నాడు. అప్పటికి అత్తమ్మ పోయి చాలాకాలమైంది. మా ఆయన, నేను పనికి పోతే, పాప బడికి పోతే, మామ ఒక్కడే. ఆయనకు తోడు ఆ రెండు కుండీలు.

ఆయన వాటికి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

పొద్దున లేవగానే ఒక మగ్గు. చాయ్ తాగాక ఇంకోటి. ఎండ పడగానే, పాపం కాలుతుందని మరోటి. నేను సాయంత్రం వచ్చేసరికి బకెట్టు చుట్టూ ఎర్రటి మడుగు ఉండేది. పాప బడి నుంచి ముందే వచ్చి, నేను మెట్లెక్కుతుండగానే చాడీ చెప్పేది.

"మమ్మీ, తాత పరత్ పానీ పోసిండు!"

మరాఠీ బడిలో చదువుతుంది కాబట్టి మళ్ళీ అనాల్సిన చోటల్లా పరత్ అంటుంది.

మామకు చెవులు వినబడవు. సాంచాల మధ్య అన్నేళ్ళు నిలబడ్డవాళ్ళకు వినికిడి మిగలదు. చెవికి మిషన్ కూడా పెట్టించాం. అది పెట్టుకున్న తెల్లారే తీసి నా చేతిలో పెట్టాడు. మా మాటల కంటే కింద కార్ఖానా చప్పుడే అందులో పెద్దగా వస్తోందట. తల పగిలిపోతోందట. అది ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

అందుకని మామతో మెల్లగా చెప్పడం అనేది కుదరదు. నెమ్మదిగా నచ్చజెప్పాలని అనుకుంటాను. కాని ఆయన చెవికి చేరాలంటే అరవాలి. అరిస్తే అది కొట్లాటలాగే ఉంటుంది. చుట్టుపక్కల ఖోలీల్లోంచి ఆడవాళ్ళు తలలు బయటికి పెడతారు.

"మామా! రోజు పొయ్యద్దు! దినం ఇడిసి దినం పొయ్యాలె!"

"ఆ?"

"నీళ్లు! ఎక్కువైతున్నయి!"

"ఎక్కువ లేవు బిడ్డా. డ్రమ్ముల సగమే ఉన్నయి."

"డ్రమ్ముల కాదు, చెట్టుకు!"

"చెట్టుకే పోస్తున్న. ఎండకు దానికి దూప కాదా?"

అంతే. శుక్రవారం కరెంటు సెలవు. ఆ రోజు సాంచాలు ఆగుతాయి, ఊరంతా చెవుల్లో దూది తీసినట్టుంటుంది. అప్పుడైనా కూర్చోబెట్టి చెప్పేదాన్ని. తల ఊపేవాడు. "సరే బిడ్డా, నువ్వెట్లంటే అట్ల" అనేవాడు. శనివారం పొద్దున నేను దుకాణానికి బయల్దేరి మెట్లు దిగుతుంటే పైన మగ్గు డ్రమ్ములో ముంచిన చప్పుడు వినబడేది.

ఆకులు పచ్చబారి రాలడం మొదలైంది. మొగ్గలు వేలెడంత అయి, విచ్చుకోకముందే తొడిమతో సహా రాలేవి. పొద్దున లేచి వాటిని ఏరడం నా పనైంది. తోపుడుబండి అతను మా సందులోకి వచ్చినప్పుడు పైకి పిలిచి చూపించాను. అతను మట్టిలో వేలు పెట్టి తీసి వాసన చూశాడు.

"భాభీ, జడ్ సడ్ రహీ హై," అన్నాడు. వేరు కుళ్ళుతోందని. "పానీ కమ్ కరో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తక్కువ చేయమని నాకు చెబితే ఏం లాభం? వినవలసినవాడు గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినాయనకు చాయ్ పెట్టమని నాకు సైగ చేస్తున్నాడు.

సెలవు రోజున బకెట్టును పడుకోబెట్టి మొక్కను బయటికి లాగాను. కింది వేర్లు నల్లగా, మెత్తగా, మురుగు మోరీ వాసనతో ఊడొచ్చాయి. కత్తెరతో వాటిని కోసి, కొత్త మట్టి కలిపి, కొమ్మలు సగం దాకా కత్తిరించి మళ్ళీ నాటాను. నడుము విరిగినంత పనైంది. మామ పక్కనే కూర్చుని అన్నీ చూశాడు. చేతులు కడుక్కొని వచ్చేసరికి కొత్త మట్టి మీద మగ్గు నీళ్లు పోసి నిలబడ్డాడు.

"కొత్తగ నాటినంక పొయ్యాలె గద," అన్నాడు.

అదైతే నిజమే. కొత్తగా నాటాక పోయాలి. అందుకే ఇంకా కోపమొచ్చింది.

మగ్గు దాచేశాను. ఆయన చెంబుతో పోశాడు. చెంబు లోపల పెడితే గ్లాసుతో పోశాడు. డ్రమ్ము మీద మూతపెట్టి రుబ్బురాయి ఎత్తిపెట్టాను. అప్పుడు ఆయనకు ఇంకో తోవ దొరికింది. బియ్యం కడిగిన నీళ్లు, ఆదివారం మాంసం కడిగిన నీళ్లు, తాగగా గ్లాసు అడుగున మిగిలిన తీపి చాయ్, ఏది దొరికితే అది కుండీల్లో. చాయ్ తీపికి చీమలు పట్టాయి. బకెట్టు అంచు మీద వరుసలుగా తిరిగేవి.

ఆ చీమల వెనకే పురుగు వచ్చింది. పిండినల్లి అంటారు దాన్ని. తెల్లగా, మెత్తగా, దూది పింజలాగా కొమ్మకూ ఆకుకూ మధ్య పట్టుకుని రసం పీలుస్తుంది. ఇంకో ఊరైతే మొదటి రోజే కనబడేది. ఇక్కడ చెట్టు మీద తెల్లగా ఉంటే ఎవరైనా కార్ఖానా నూగే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. చాలా రోజులు తడిగుడ్డతో పైపైన తుడిచి వదిలేశాను. ఒకసారి గోరుతో గీకితే వేలికి జిగట అంటింది. ఒక నూగు ముక్క కాళ్ళు కదిలించింది.

వేపనూనె, సబ్బునీళ్లు కలిపి సీసాలో పోసి కొట్టాను. పాత టూత్‌బ్రష్షుతో మొదళ్ళ దగ్గర రుద్దాను. వారం తిరక్కుండా మందారం కొంచెం తేరుకున్నట్టు కనబడింది. ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి మామ ముఖం వెలిగిపోతోంది. సాంచె మీద నూగు దులిపే పాత కుంచె ఒకటి ఆయన దగ్గర ఉంది. దాంతో పొద్దంతా కూర్చుని రెండు చెట్లనూ శుభ్రంగా దులిపాడట. ముందు మందారం, తర్వాత అదే కుంచెతో మల్లె.

"సూడు బిడ్డా, ఎట్ల సాఫయినయో!"

మల్లె దగ్గరికి వెళ్ళి చూశాను. లేత చివుళ్ళ నిండా తెల్లటి చుక్కలు. పొద్దున అవి లేవు.

ఆ రోజు దుకాణంలో తూకం తేడా వచ్చి సేటు నన్ను అందరి ముందూ అనరాని మాటలన్నాడు. ఆటోలో వర్షానికి సగం తడిశాను. మామ ఆ కుంచె పట్టుకుని నవ్వుతూ నిలబడేసరికి నాకు పట్టు తప్పింది.

"ఎవరు దులపమన్నరు నిన్ను? ఎవరు నీళ్లు పొయ్యమన్నరు? ఇంకోసారి గా కుండిల చెయ్యి వెడ్తే నేను ఈ ఇంట్ల ఉండ! అయ్యిందా? ఉండ!"

ఎంత గట్టిగా అరిచానంటే, కింద కార్ఖానా నుంచి కూడా ఒకతను బయటికొచ్చి పైకి చూశాడు. పక్క ఖోలీ ఆమె తీగ మీది బట్టలు ఊరికే సర్దుతూ నిలబడింది. అప్పుడే మెట్లెక్కి వస్తున్న మా ఆయన మధ్యలో ఆగిపోయాడు.

"గంతగనం ఒర్రుతున్నవేంది? మొక్క కోసం మా నాయనను గట్లంటరా?"

"మొక్క కోసం కాదు," అన్నాను.

మామ కుంచెను రేకు సందున పెట్టి లోపలికి పోయి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి కుండీల వైపు పోలేదు. బయట కూర్చున్నా వాటికి వీపు పెట్టి కూర్చునేవాడు. నాకు కావలసింది అదే. అయినా ఆ వీపు చూస్తే చిరాకేసేది.

మల్లె ఆ పురుగుతోనే పోయింది. మందారం మాత్రం చలికాలం దాటి మళ్ళీ చిగుర్లు వేసింది. ఎండలు ముదిరేసరికి మొగ్గలు కూడా తొడిగింది. అప్పుడే మా చెల్లెలికి కాన్పు అయింది. తోడుండడానికి పాపను తీసుకుని నిజామాబాదు వైపు పోవలసి వచ్చింది. పోయేముందు మా ఆయనకు నాలుగుసార్లు చెప్పాను.

"ఎండలు గద, ఇప్పుడు రోజు పొయ్యాలె. పొద్దున ఒక మగ్గు. యాదుంటదా?"

"ఉంటది తియ్."

ఉండలేదు. ఆయనతో పాటు పనిచేసే ఇంకో జాబర్ ఊరికి పోతే రెండు పాళీలు, పగలూ రాత్రీ, ఈయనే చేశాడట. వచ్చి పడుకోవడం, లేచి పోవడం. ఫోను చేసినప్పుడల్లా చెట్టెట్లుంది అని అడిగితే, మంచిగున్నది అనేవాడు. దాని ముఖం కూడా చూడకుండా అన్న మాట అది.

నేను తిరిగొచ్చి మెట్లెక్కగానే చూసింది బకెట్టులో నిలబడ్డ కట్టెను. ఆకులన్నీ ఎండి, అట్లాగే వేలాడుతున్నాయి. మట్టి బకెట్టు అంచు నుంచి విడిపోయి ఎడంగా ఉంది. కొమ్మ వంచితే టప్పున విరిగింది. ఇంకొంచెం కింద విరిచాను. అక్కడా ఎండిందే. మొదలు దాకా విరుచుకుంటూ పోయాను.

మామ గడపలో కూర్చుని ఉన్నాడు. అది ఆయన ముందే ఎండింది. రోజూ ఒక్కో ఆకు ముడుచుకుంటుంటే, చేతికందేంత దూరంలో నీళ్ల డ్రమ్ము పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"మామా, గిట్ల ఎండుతుంటె సూస్కుంట కూసున్నవా? ఒక్క మగ్గు పొయ్యకపోతివా?"

ఈసారి నేను పెద్దగా అరవలేదు. అయినా ఆయనకు అర్థమైంది, నా చేతిలోని కట్టెముక్కలు చూసి కావచ్చు.

"నువ్వే వద్దంటివి గద బిడ్డా. చెయ్యి వెడ్తే ఇంట్ల ఉండనంటివి."

పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆయన నా మాట ఒక్కటి పూర్తిగా విన్నాడంటే అదే. నేను ఏమనాలి? ఆయనను అనడానికి లేదు. మా ఆయనను అంటే, రెండు పాళీలు చేసిన మనిషిని మొక్క గురించి సతాయిస్తావా అంటాడు. నన్ను నేను అనుకోవడం నాకు చేతకాదు. బకెట్టును మూలకు తన్ని, లోపలికి పోయి అంట్లు తోముకున్నాను. ఇక చెట్ల జోలికి పోనని మా ఆయనకు చెప్పాను. మంచిగైంది, బట్టలారేసుకోను జాగయింది అన్నాడు. ఆ మాటకు ఆయనతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఇంటికొస్తే మామ లేడు. ఎప్పుడూ సందు చివరి చాయ్ హోటల్ దాటి పోని మనిషి. మా ఆయనకు ఫోను చేద్దామా అనుకుంటుండగా ఆటో ఆగింది. మామ నల్ల ప్లాస్టిక్ సంచిలో ఒక మొక్కను రెండు చేతులతో పొదివి పట్టుకుని దిగాడు. అంజూర్ ఫాటా దగ్గర గోదాముల పక్కన రోడ్డు మీద నర్సరీ ఉంది. ఒక్కడే పోయి తెచ్చాడు. దారి ఎట్లా అడిగాడో, జవాబు ఎట్లా విన్నాడో తెలియదు.

అది కూడా మందారమే. కాని ఎరుపు కాదు. పసుపూ నారింజా కలిసిన రంగు. మోకాలెత్తు మొక్కకు నా అరచెయ్యంత పువ్వు, అప్పటికే ముడుచుకుంటోంది, లోపలి రంగు కనబడలేదు. మందులు కొట్టి, నర్సరీలో తొందరగా పూయించినదని చూడగానే తెలుస్తుంది. వేర్ల చుట్టూ మట్టి కాదు, కొబ్బరి పొట్టు. ఒక్క పూట నీళ్లు మరిస్తే వాడుతుంది, ఒక్క పూట ఎక్కువైతే కుళ్ళుతుంది. మా ఇంటికి ఇంతకంటే పనికిరాని చెట్టు ఉండదు.

"ఎర్రది దొరకలేదా?" అన్నాను.

"ఆ. పెద్దది జూసి తెచ్చిన," అన్నాడు.

మళ్ళీ మట్టి కలిపాను. మళ్ళీ బకెట్టు కడిగాను. ఆయన దూరంగా నిలబడి చూశాడు. అంతా అయ్యాక మగ్గు తెచ్చి నా చేతికిచ్చాడు. తాను పోయలేదు. "ఎప్పుడు పొయ్యాల్నో నువ్వే చెప్పు. చెప్పంది పొయ్య," అన్నాడు.

బాగానే ఉందనుకున్నాను. తెల్లారి దుకాణంలో తూకం నడుస్తుండగా ఫోను మోగింది. మామ. ఎన్నడూ నాకు ఫోను చేసిన మనిషి కాదు.

"బిడ్డా, పొయ్యాల్నా?"

"వద్దు మామా, నిన్ననే పోసినం."

"ఆ?"

"వద్దు!"

"పొయ్యాల్నా వద్దా?"

"వద్దు! వద్దు!"

సేటు కళ్ళద్దాల మీదుగా చూశాడు. నూలు కొనడానికి వచ్చిన ఇద్దరు కూడా చూశారు. ఇక అది రోజూ జరిగేదైంది. ఆయనకు నా జవాబు వినబడదు, అయినా అడగకుండా ఉండడు. వేలు మట్టిలో పెట్టి చూడు, పొడిగా ఉంటేనే పొయ్యి అని ఒక శుక్రవారం నేర్పాను. వేలు పెట్టాడు, తీశాడు, బొటనవేలితో రాసుకున్నాడు, నా వైపు చూశాడు. ఆయన వేళ్ళ చివర్లు పోగులు ముడేసి ముడేసి చెప్పు అడుగులాగా మొద్దుబారాయి. తడి ఏదో పొడి ఏదో ఆయనకు తెలియదు. చివరికి పొద్దున పోయేముందు నేనే వేలు పెట్టి చూసి, పోయాలంటే డ్రమ్ము మీద మగ్గు నిలబెట్టి, వద్దంటే బోర్లించి పోతున్నాను. అది పనిచేస్తోంది. ఫోన్లు మాత్రం తగ్గలేదు. మగ్గు బోర్లించి ఉంది, నిజంగానే వద్దా అని అడుగుతాడు.

వానాకాలం సగమయ్యాక దానికి మళ్ళీ మొగ్గలు వచ్చాయి. కొన్ని రాలాయి. ఒకటి నిలిచింది. ఒక పొద్దున నేను పోయేటప్పుడు చివర రంగు కనబడింది. సాయంత్రం వచ్చేసరికి తడి గుడ్డ మెలేసినట్టు ముడుచుకుపోయి ఉంది. మందారానికి ఒక్క పూటే ఆయుష్షు.

"గింతుండె బిడ్డా," అని మామ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆయనది బటన్ల ఫోను, ఫోటో తీసేది కాదు. ముడుచుకున్న రెక్కను విప్పబోతే నా వేళ్ళలోనే చినిగింది. రెండోది కూడా అట్లాగే పోయింది. సెలవు రోజుల్లో పూయకూడదని దానికి ఎవరో చెప్పినట్టుంది.

మూడో మొగ్గకు నేను పంతం పట్టాను. ముందురోజే సేటుకు ఆలస్యమవుతుందని చెప్పాను. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. మామ కూడా వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం ఆ మొగ్గను చూస్తూ ఉన్నాం. మబ్బు పట్టి ఉంది. అది విచ్చుకోలేదు. కింద సాంచాలు మొదలయ్యాయి. పాప బడికి పోయింది. సేటు ఫోను చేశాడు, టెంపో వచ్చి నిలబడిందన్నాడు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుని, రెండోసారి ఫోను రాగానే చెప్పులేసుకున్నాను.

దుకాణంలో రెండు సంచులు తూకం అయ్యాయో లేదో మామ ఫోను.

"పూసింది!"

"ఎట్లుంది మామా?"

"పూసింది బిడ్డా!"

"ఎట్లుందంటున్న! లోపల ఎర్రగున్నదా?"

"ఆ ఆ, పూసింది! పూసింది!"

సంచులు మోసే వాళ్ళిద్దరూ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగారు. నేను ఫోను పెట్టేసి, తర్వాతి సంచి ఎక్కించమన్నాను.